పాస్టరమ్మ కాని మేబెల్

మా ఆడపడుచు మేబెల్‌కు పెళ్ళెందుకు కాలేదని లాలాగూడలో ఎవరిని అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది. గర్వం అంటారు కొందరు. చదువు ఎక్కువైంది అంటారు ఇంకొందరు. స్త్రీల కూడికకు వచ్చే ఒకావిడైతే నా ఎదురుగానే, "పాపం, ఏదో లోపం ఉండుంటుందిలెండి" అంది. ప్రార్థన అయ్యేదాకా పళ్ళు బిగబట్టి కూర్చుని, ఆమెన్ అనగానే ఆవిణ్ణి గుమ్మం దగ్గర పట్టుకుని కడిగి పారేశాను. పాస్టరు భార్యను, నోరు అదుపులో పెట్టుకోవాలి, నిజమే. మరి దేవుడు నాకీ నోరు ఎందుకిచ్చినట్టు?

అసలేం జరిగిందో చెబుతాను. అప్పుడు గుమ్మంలో నిలబడి విన్నదాన్ని నేనే.

మాది బాపట్ల వైపు. మా ఆయన యేసురాజు రైల్వే క్వార్టర్లకు ఆనుకుని ఉన్న చిన్న సంఘానికి పాస్టరుగా వచ్చినప్పుడు, పెళ్ళయిన కొత్తలోనే ఆయన వెంట నేనూ ఇక్కడికొచ్చాను. మేబెల్ ఆయన చెల్లెలు. తల్లిదండ్రులు పోయాక మాతోనే ఉండేది. బళ్ళో టీచరు, ఆదివారం పిల్లలకు సండేస్కూలు. వాళ్ళ నాన్నగారింట ఒక పద్ధతి ఉండేదట: బైబిల్లో ఒక వాక్యం కంఠతా చెప్పనిదే పళ్ళెంలో అన్నం పడేది కాదు. అలా తిన్న అన్నమే అనుకుంటాను, బైబిలు మొత్తం ఆ పిల్ల నాలుక మీద ఉండేది. మా ఆయనా ఆ అన్నమే తిన్నాడు గానీ, ఆయన ఆకలికి ఆగలేక ఎప్పుడూ చిన్న వాక్యాలే ఏరుకునేవాడట.

మా వెనక వరుసలో రోసమ్మ ఉండేది. క్యాథలిక్కులు. భర్త వర్క్‌షాపులో పనిచేస్తూ పోయాడు. ఒక్కడే కొడుకు, జకర్యా. సాయంత్రం అయిందంటే మా ఇంటి అరుగు మీద తేలేవాడు. నన్ను అక్కా అనేవాడు. వచ్చింది నాకోసం కాదని నాకు తెలుసు. వాడూ మేబెలూ మాట్లాడుకుంటుంటే ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే అది ప్రేమ మాటల్లా ఉండేది కాదు, పోట్లాటలా ఉండేది. ఆవిడ ఒక వాక్యం అంటే వాడొక వాక్యం. మరియమ్మ దగ్గర మొదలుపెట్టి మోషే దాకా తన్నుకునేవారు. వాడు వెళ్ళాక మేబెల్ ముఖం చూడాలి! దీపం లేకపోయినా అన్నం వండుకోవచ్చు ఆ వెలుగులో.

ఒకరోజు వాడొచ్చి, "గురువుల బడికి పోతున్న అక్కా. ఫాదర్ అయిత" అన్నాడు. వాళ్ళలో ఫాదర్ కావాలంటే జన్మంతా పెళ్ళి చేసుకోనని మొక్కుకోవాలి. నా చేతిలో చేట జారింది. మేబెల్ పచ్చడి నూరుతోంది. నూరడం ఆపలేదు.

"పోయొస్త మేబెల్" అన్నాడు.

"మంచిది" అంది.

అంతే. ఇద్దరూ ఇద్దరే. తిట్టుకోవడానికి అన్ని మాటలు దొరికినవాళ్ళకు ఆ ఒక్క మాట దొరకలేదు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. వాడు ఫాదర్ అయ్యాడు. ఆ రోజు మేబెల్ ట్రైనింగు ఉందని చెప్పి వెళ్ళింది. వాళ్ళ గుడిలో చివరి బెంచీ మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ కనిపించిందని రోసమ్మే నాకు చెప్పింది. వాణ్ణి జనగామ అవతల పల్లెలకు వేశారు. రోసమ్మ మా ఇంటికొచ్చి కొడుకు కబుర్లు చెబుతుంటే, మేబెల్ వంటింట్లో తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ ఉండేది. సంబంధాలు వచ్చాయి. కర్నూలు నుంచి ఒకటి, మా బాపట్ల నుంచే ఒకటి. "ఇప్పుడు కాదు వదినా" అనేది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడే అని నేను అరిచేదాన్ని. నా అరుపు నాదే, ఆమె మౌనం ఆమెదే.

రోసమ్మ పోయింది. సమాధి కార్యక్రమానికి జకర్యా వచ్చాడు. కణతల దగ్గర నెరిసింది, మనిషి సగమయ్యాడు. తల్లి అద్దె వాటాలో ఒక్కడే కూర్చుని ఉండేవాడు. మా ఆయన రోజూ వెళ్ళి పలకరించేవాడు. మంచిమనసుతోనే, అబద్ధం ఎందుకు ఆడాలి. కానీ ఆయన మనసులో ఇంకోటి కూడా ఉంది. ఈ ఊళ్ళోనే కార్ఖానా అనే పేటలో మనవాళ్ళ సంఘానికి పాస్టరు లేడు. జకర్యా లాంటి చదువుకున్నవాడు క్యాథలిక్కుల్లోంచి మాలోకి వస్తే! ఒక చిక్కు ఏమిటంటే, మాలో పెళ్ళికాని పాస్టరును ఏ సంఘమూ పిలవదు. పాస్టరు ప్రసంగం కాస్త చప్పగా ఉన్నా సర్దుకుంటారు గానీ, పాస్టరమ్మ లేకపోతే ఒప్పుకోరు. స్త్రీల కూడిక ఎవరు నడపాలి? కానుపు దగ్గరికి ఎవరు పరుగెత్తాలి? పాట ఎవరు ఎత్తుకోవాలి? ఆ ఉద్యోగం ఎలాంటిదో నన్నడగండి.

"ముందు పెళ్ళి, తర్వాత కార్ఖానా. మేబెల్ మన ఇంట్లోనే ఉందిగా" అన్నాడు మా ఆయన నాతో, గుసగుసగా.

ఆ మాటకు నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. నాకు కార్ఖానా సంఘం గొడవ ఏమీ పట్టలేదు. మేబెల్‌ను పెళ్ళిచీరలో చూడాలి, అంతే. వాణ్ణి తలుచుకుంటూ ఆ పిల్ల ఎండిపోవడం ఇన్నాళ్ళూ చూశాను, ఇక నావల్ల కాదు.

ఫాదర్ పని మాని, పెళ్ళి చేసుకుని మాలోకి రమ్మని మా ఆయన జకర్యా చెవిన వేశాడు, వాడు కాదనలేదట. ఆదివారం ఆరాధన అయ్యాక వాణ్ణి భోజనానికి పిలిచాం. కోడికూర, పులావు, సేమియా పాయసం చేశాను. మేబెల్ లేతనీలం చీర కట్టుకుంది. తలలో జాజులు. పూలు పెట్టుకున్న మేబెల్‌ను చూసి ఎన్నాళ్ళయిందో! నేనేం అనలేదు. అంటే తీసేస్తుందని భయం.

జకర్యా తెల్ల అంగీ వేసుకోకుండా మామూలు చొక్కాలో వచ్చాడు. అది చూసి మా ఆయన నా వైపు కళ్ళెగరేశాడు. భోజనం దగ్గర మాటల్లో పల్లెల సంగతి వచ్చింది.

"లచ్చమ్మ అని ఒక ముసలామె ఉంది అక్కా. కుష్టు. కాళ్ళు పనిచెయ్యవు. మా మతం గిట్ట ఏం కాదు. శుక్రవారం నేను పొయ్యి గడపల కూసుంటెనే అన్నం ముడుతది. లేకపోతే ముట్టదు, ఎవ్వరు చెప్పినా వినది. ఈ శుక్రవారం ఏం చేసిందో ఏమో" అని మొదలుపెట్టి, ఆమె తిట్లూ, ఆమె మేకా, ఆమె కొడుకూ కోడలూ, మొత్తం వంశం చెప్పాడు. చెబుతుంటే వాడి ముఖంలో పాత జకర్యా కనిపించాడు. కూర చల్లారిపోయింది. మేబెల్ తినడం మాని వాణ్ణే చూస్తోంది.

చేతులు కడుక్కున్నాక మా ఆయన అందుకున్నాడు. "శిష్యుల్లో పెద్దవాడు, పేతురుకే అత్త ఉంది. ప్రభువే ఆవిడ జ్వరం బాగుచేశాడు. అత్త ఉందంటే భార్య ఉన్నట్టేగా? సంఘాన్ని నడిపే అధ్యక్షుడు ఏకపత్నీ పురుషుడై ఉండాలని పౌలు రాశాడు. ఇంకేం కావాలి జకర్యా? మీవాళ్ళు పెట్టిన ఈ నిబంధన వాక్యంలో ఎక్కడుంది? అసలు పెళ్ళంటే చేతకానివాళ్ళు చెప్పే సాకయ్యా ఇది!"

జకర్యా తలూపాడు. తర్వాత మేబెల్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు మేబెల్. ఎవ్వరు చెప్పినా నాకు శంక పోదు, నువ్వు చెప్తె పోతది. వాక్యంల నాకు అడ్డం లేదని నువ్వంటె, రేపే పొయ్యి బిషప్ గారికి చెప్పేస్త."

పాయసం గిన్నెలు పట్టుకుని నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ప్రభువా, ఒక్కసారి, ఒక్కసారి ఆ పిల్ల నోట సరే అనిపించు.

మేబెల్ అడిగింది. "ఎందుకు వచ్చేద్దామనుకుంటున్నావు జకర్యా?"

"పేతురు సుత పెండ్లి చేసుకున్నడు కద..."

"పేతురు సంగతి కాదు. నీ సంగతి."

వాడు నేల చూశాడు. "అమ్మ పోయింది. ఇల్లు చూస్తె పరేషాన్ అయితున్న. ఒక్కణ్ణే. అందుకే... వాక్యం అడ్డం లేకపోతె..."

ఓరి పిచ్చివాడా, తలెత్తు! తలెత్తి ఎదురుగా ఉన్న మనిషిని చూడు! నాకు ఆ గిన్నెలు వాడి నెత్తిన కుమ్మరించాలనిపించింది. వాడు తలెత్తలేదు.

 మేబెల్ బైబిలు ముట్టుకోకుండానే మాట్లాడింది. 

"పేతురుకు భార్య ఉంది, అన్నయ్య అన్నది నిజమే. కానీ ఆ పేతురే తర్వాత, మాకున్నవి విడిచిపెట్టి నీ వెంట వచ్చామన్నాడు. అప్పుడు ప్రభువు చెప్పిన వరసలో ఇల్లు ఉంది, తల్లిదండ్రులు ఉన్నారు, భార్య కూడా ఉంది. ఏకపత్నీ అంటే ఒకతెను మించి ఉండకూడదని. ఒకతె ఉండి తీరాలని కాదు. ఉండి తీరాలంటే ఆ మాట రాసిన పౌలే ఆ పనికి తగడు. భార్యను వెంటబెట్టుకుని తిరిగే హక్కు మాకు లేదా అని ఆయనే అడిగాడు. నాలుగు మాటలు దిగితే, ఆ హక్కు మేం వాడుకోలేదు అనీ ఆయనే అన్నాడు."

"అది పౌలు ఇష్టం. అందరికీ రుద్దమన్నాడా?" అన్నాడు మా ఆయన.

"రుద్దమనలేదు. కొందరికి అది దేవుడిచ్చిన వరం అన్నాడు. పరలోక రాజ్యం కోసం తమను తాము నపుంసకులుగా చేసుకున్నవాళ్ళున్నారని ప్రభువే అన్నాడు. ఆ మాట మన నోట్లో తిట్టు అన్నయ్యా. ఇందాక నువ్వన్నదీ అదే తిట్టు. ఆయన నోట్లో తిట్టు కాదు. అంగీకరించగలిగినవాడు అంగీకరించాలి అన్నాడు. పెళ్ళైనవాడికి భార్యను సంతోషపెట్టే చింత, కానివాడికి ప్రభువు పనుల చింత అని పౌలూ రాశాడు."

మా ఆయన నా వైపు చూశాడు. నన్ను సంతోషపెట్టే చింతతో ఈయన ఏనాడు నిద్ర మానుకున్నాడో నాకైతే గుర్తులేదు. నా రెండో కానుపప్పుడు ఈయన సైనిక్‌పురిలో ఎవరిదో గృహప్రవేశ ప్రార్థనలో ఉన్నాడు. పౌలుకు పెళ్ళి కాలేదు గనక అలా రాశాడు. ఆ మాట అనబోయి మింగాను.

"చేతకానివాళ్ళ సాకు అన్నావు" అంది మేబెల్. "విడిచిపెట్టినవాడు అని రాసి ఉంది అన్నయ్యా. ఇష్టం లేనిదాన్ని ఎవరూ విడిచిపెట్టరు, వదిలించుకుంటారు. ప్రాణంగా చూసుకున్నదాన్నే విడిచిపెట్టడం అంటారు."

అప్పుడు తలెత్తాడు జకర్యా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. 

"మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని సొలొమోను అన్నాడు. అన్నయ్య మొక్కుకోలేదు, పెళ్ళి చేసుకున్నాడు, మంచిదే. వదిన లేకపోతే ఈ సంఘమే లేదు. నువ్వు మొక్కుకున్నావు జకర్యా. ఎవరో నీ మెడలు వంచి మొక్కించలేదు. వాక్యంలో నీకు అడ్డం ఉంది."

 "అయితె పోవాల్నా నేను?" అన్నాడు జకర్యా, పిల్లాడిలా.

 మేబెల్ లేచి వాడి చెప్పులున్న గుమ్మం దాకా నడిచి, పక్కకు జరిగి నిలబడింది. వాడు వందనాలు చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బస్సుకే జనగామ వెళ్ళాడని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ పల్లెల్లోనే ఉన్నాడు. మంచి ఫాదర్ అని అందరూ అంటారు. అయి ఉంటాడు.

మా ఆయన, "నువ్వు క్యాథలిక్కుల్లో ఎప్పుడు కలిశావే?" అని చెల్లెలి మీద కేకలేసి పడకగదిలోకి పోయాడు. మేబెల్ పెరట్లోకి వచ్చి అంట్లు ముందేసుకుంది. నేను వెనకే వెళ్ళి ఆమె చేతిలో గిన్నె లాక్కున్నాను.

"నీకు బుద్ధుందా? ఒక్క మాట, సరే అంటే చాలుగా! వాడు కావాలా వద్దా నీకు?"

"కావాలి వదినా" అంది. అంత తిన్నగా చెబుతుందని నేననుకోలేదు. "పొద్దున లేచినప్పటినుంచీ కావాలి. పడుకునేదాకా కావాలి. ఈ ఊళ్ళో ఏ గంట మోగినా వాడే గుర్తొస్తాడు."

"మరి ఆ వాక్యాలన్నీ?"

"అన్నీ నిజమే. ఒక్కటి అబద్ధమున్నా బాగుండేది." అప్పుడొచ్చింది ఏడుపు. తడిచేతులతో ముఖం కప్పుకుని, కూర్చున్నచోటే ఊగిపోయింది. నేను పట్టుకున్నాను. ఎముకలు తగిలాయి నా చేతులకు. ఇంత చిక్కిపోయిందని కూడా చూసుకోలేదు.

"వాడు నన్నడగలేదు వదినా" అంది చాలాసేపటికి. "వాక్యం అడిగాడు. అడిగింది ఇచ్చాను."

"నిన్నే అడిగుంటే?"

మేబెల్ ముఖం తుడుచుకుంది.

"అడిగుంటే నాకు ఒక్క వాక్యం కూడా గుర్తొచ్చేది కాదు" అంది.