ఎవరు పుట్టారని అడిగినవాళ్లకు

మా అక్కకు ఆడపిల్ల! ఇప్పుడే డాక్టరమ్మ చెప్పింది. పిల్ల పాలు తాగుతోంది, ప్రాణభయం తప్పింది.

పుట్టిన ఇన్నాళ్లకు ఈ మాటేంటి అంటారేమో. కాన్పు చేసినవాళ్లు ముందు మగపిల్లవాడన్నారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒళ్లు చూసి తేల్చలేకపోయారు. చేతికి కట్టిన పట్టీ మీద అక్క పేరు రాసి, పక్కన ఆడా మగా అని రాసేచోట ఖాళీ వదిలేశారు. అంతకంటే భయపెట్టిన మాట ఇంకోటుంది. మూత్రపిండాల మీదుండే గ్రంథి సరిగా పనిచేయకపోతే ఒంట్లో ఉప్పు పడిపోతుందట, ప్రాణానికే ముప్పట. రక్తం తీసుకెళ్లారు. పిల్ల కక్కినప్పుడల్లా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

కాన్పైందన్న మాట తప్ప చుట్టాలెవరికీ ఏమీ చెప్పలేదు. ఫోన్ చేస్తే మొదట అడిగేది అదే కదా. బావ జిన్నారం దగ్గర మందుల కంపెనీలో చేస్తాడు. కంపెనీ పక్కనే గదుల లైన్లో వాళ్ల కాపురం. ఆ లైన్లో ఉండే బిహార్ వాళ్లు "భాయ్, లడ్డూ యా జిలేబీ?" అంటూ ఒకటే ఫోన్లు. కొడుకైతే లడ్డూ, కూతురైతే జిలేబీ పంచాలట. బావ ఫోనే ఆపేశాడు.

"కడుపుతోని ఉండి ఆ కంపెనీల వాసన పీల్చింది, గందుకే గిట్లయింది" అంది అక్క వాళ్ల అత్తగారు. అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

"డిగ్రీ చదివినవు గద, నువ్వన్న చెప్పు పిల్లా" అని నా మీద పడింది అత్తమ్మ.

రెండిళ్లలోనూ డిగ్రీ పాసైంది నేనొక్కదాన్నే, అదీ జువాలజీతో. పరీక్షకు బట్టీపట్టిన బొమ్మ గుర్తుచేసుకుని నాలుగు వేళ్లు చూపించాను.

"కడుపుల మొదలు అందరు పిల్లలు ఒక్కతీరుగనే ఉంటరు అత్తమ్మా. లోపల రెండు జతల గొట్టాలుంటయి. మగపిల్లగానికైతే..." ఆగిపోయాను.

"చెప్పు, సిగ్గెందుకు? దవాఖానల కూసున్నం."

"వృషణాలు తయారైతయి. అవి ఒక జతను పెంచి, ఇంకో జతను మాయం చేస్తయి. అవి లేకుంటే గా రెండో జతనే గర్భసంచి అయితది. బయట గూడ మొదలు అందరికి ఒక్కతీరే. మగ హార్మోను తగిలితే మగతీరు, లేకుంటే ఆడతీరు. మన పిల్లకు గా గ్రంథి మగ హార్మోను ఎక్కువ చేసిందేమో. లోపల గర్భసంచి ఉందేమో."

"ఉందేమో, చేసిందేమో! డిగ్రీల గిదేనా నేర్పింది?"

నాకు మాత్రం ఏం తెలుసు? వేళ్లు మడుచుకున్నాను.

ఇవాళ స్కానింగ్ గదిలో డాక్టరమ్మ పిల్ల పొట్ట మీద మిషను అటూ ఇటూ జరిపి చూసింది. అక్క మిషను తెర వైపు వంగింది.

"ఇదిగో గర్భసంచి" అంది చివరికి.

రక్తం రిపోర్టూ ఆడపిల్లేనంది. జబ్బు ఆ గ్రంథిదే. జీవితాంతం మందు వేయాలి, ఇప్పటికి కొంచెం ఉప్పు కూడా పట్టాలి. మానకుండా వేస్తే అందరు పిల్లల్లాగే పెరుగుతుందట.

"వాసనకు వచ్చిందా మేడమ్?" బావ అడిగాడు.

"కాదు. ఈ లోపం అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తేనే పిల్లకు జబ్బు వస్తుంది. ఎవరి తప్పూ లేదు."

అత్తమ్మ బావను ఎగాదిగా చూసింది. "నీది గూడ సగమారా?" అంది. తర్వాత అక్క పక్కన కూర్చుంది. "లే బిడ్డా, జెర చాయ్ తాగు."

ఇక ఫోన్లు. ఇంద్రేశంలో మేనమామకు. మాకోసం ప్రార్థన చేస్తున్న చర్చి అయ్యగారికి. పొద్దున, సాయంత్రం "ఎవరు పుట్టిండ్రే?" అని అడిగే పోతిరెడ్డిపల్లి చిన్నమ్మకు. ఆ నాలుగు గొట్టాల బొమ్మ నాతో మళ్లీ మళ్లీ వేయించిన జువాలజీ మేడమ్‌కు. బావ లైన్లో వాళ్లకు, జిలేబీ అని.