కుడికి తిప్పితే ఎడమకు పోయిన బండి

ఈ కథ పూర్తయ్యేసరికి ఒక పురోహితుడు తన కారు డిక్కీ దగ్గర మేకలా బిక్కచచ్చిపోతాడు, ఒక అత్తగారు కాశీయాత్ర మొక్కుకుంటుంది, నా ఇంజనీరింగు పట్టా పరువు కోవెంట్రీ వీధిలో కలుస్తుంది. ఎవరూ చచ్చిపోరు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మధ్యలో మీకు ఆ అనుమానం వస్తుంది.

అప్పుడు నేను ఇంగ్లండులో కొత్త కార్ల స్టీరింగులకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో ఉన్నాను. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత నా మొహాన కొట్టడానికి పనికొస్తుంది. కొండలూ గుట్టలూ ఎక్కే ఒక పాత ఫోర్ బై ఫోర్‌ను చూడగానే ప్రేమించి కొన్నాను. నాకంటే వయసులో పెద్దది. దాని స్టీరింగ్ తిప్పడమంటే రుబ్బురోట్లో ఎండు కొబ్బరి రుబ్బడమే.

మా ఆవిడ సుజాత కమ్యూనిటీ నర్సు. చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు కట్టి, ఇంజెక్షన్లు చేసి, వాళ్ల పిల్లుల యోగక్షేమాలు కూడా కనుక్కుని వచ్చే మనిషి. ఆ చలికాలం వానలకు రోడ్డు మీద పారుతున్న వాగులో ఆవిడ చిన్న కారు మునిగి చచ్చిపోయింది. నా బండికి వాగులంటే లెక్కలేదు. కానీ సుజాతకు కుడి భుజం పట్టేసింది. ఆ స్టీరింగు తిప్పలేదు. వాళ్ల మేనేజరమ్మ తేల్చి చెప్పేసింది: "సోమవారం నుంచి నువ్వే డ్రైవ్ చేసుకుని వెళ్లాలి, లేకపోతే డ్యూటీల జాబితాలో నీ పేరు తీసేసి ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెడతాను."

ఫోన్ల దగ్గర కూర్చోవడమంటే సుజాతకు జైలే. "ఆ ముసలమ్మలు నా కోసం కిటికీ దగ్గర కూర్చుంటారండీ" అంటూ ఆ పూట కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మామూలు కారు ఇంకోటి కొనొచ్చు కదయ్యా" అంటారు మీరు. సుజాత కూడా అదే అంది. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడు ఒకడుంటే, ఆ మూడు కాళ్లకూ పవర్ స్టీరింగ్ పెడతాననేవాణ్ణి నేను.

"దీనికే పవర్ స్టీరింగ్ బిగిస్తా. ఒక్క వేలితో తిప్పుతావు" అన్నాను.

"అన్నీ కలిపి కిట్‌గా అమ్ముతారటగా, అది తెప్పించండి."

"కిట్టా! కిట్లు చేతకానివాళ్లకి. నేను విడిభాగాలు ఏరి తెస్తాను."

ఏరి తెచ్చాను. నూనె తోసే పంపు బర్మింగ్‌హామ్‌లో పాత కార్లు విప్పి అమ్మే యార్డులో దొరికింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని రైల్లో వస్తుంటే నల్లటి నూనె నా ప్యాంటు మీద ధారకట్టింది, ఎదుటి సీటావిడ లేచి పెట్టె మారిపోయింది. నూనె డబ్బా ఎడిన్‌బర్గ్ నుంచి బిస్కెట్ల డబ్బాలో పార్సిల్ వచ్చింది. ఇక అన్నిటికీ తలకాయ లాంటిది స్టీరింగ్ బాక్సు. మనం చక్రం తిప్పితే దానికి ఉన్న ఇనుప చేయి ఊగి టైర్లను తిప్పుతుంది. అది వేల్స్ దారిలో జెఫ్ అనే రైతు కొట్టంలో ఉందని తెలిసింది.

ఇక్కడ మా వంశాచారం గురించి రెండు మాటలు చెప్పాలి. మా నాన్న తెనాలి సంతలో గేదెల బేరగాడు. ఆయన నాకు నేర్పిన శాస్త్రం ఒక్కటే: "అమ్మేవాడి మాట చెవిన పడిందా, నీ పని అయిపోయినట్టే. వాడు నోరు తెరిస్తే నువ్వు తల అడ్డంగా ఊపు. చూపంతా సరుకు మీద కాదు, తలుపు మీద ఉండాలి." నేను ఆ శాస్త్రాన్ని కొట్టంలో తు.చ. తప్పకుండా పాటించాను.

జెఫ్ బాక్సు మీద దుమ్ము తుడిచి, "మంచి సరుకే. కాకపోతే నీకొకటి చెప్పాలి, ఇది..." అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపి తలుపు వైపు చూశాను. "అన్నీ తెలుసులెండి. ఆఖరి మాట చెప్పండి."

"చెప్తాను. కానీ ఇది వచ్చింది ఫ్రాన్స్ నుంచి తెచ్చిన బండిలోంచి, అందుకని..."

"ఫ్రాన్స్ అయితే మరీ పాతదన్నమాట. తగ్గించండి."

"తగ్గిస్తానయ్యా! నీ బండికి స్టీరింగు ఏ పక్క..."

"నేను స్టీరింగ్ ఇంజనీర్నండీ!"

జెఫ్ బాక్సును గోనెసంచిలో చుట్టాడు. నేను అడిగిన ధరకే ఇచ్చేశాడు. టాక్సీ ఎక్కుతుంటే నావైపు అదోలా చూశాడు. బేరంలో ఓడిపోయిన బాధ అనుకుని జాలిపడ్డాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడేవాడు మూర్ఖుడంటారు. అంకుశం బేరంలో మునిగి, అది ఏ ఏనుగుదో చూసుకోనివాణ్ణి ఏమంటారో మీరే చెప్పండి.

బిగించడం మొదలుపెడితే బోల్టులకు కన్నాలు కలవలేదు. పెళ్లి కుదరాలని గట్టిగా అనుకుంటే జాతకాలు కలపలేమా? కొత్త పట్టీ చేయించి, కొత్త కన్నాలు పొడిచి కలిపేశాను. సుజాత ఎడమ చేత్తో టార్చి పట్టుకుని కిందికి తొంగిచూసింది.

"ఏమండీ, పాత దాని చేయి ముందుకు చూస్తుండేది. ఇది వెనక్కి చూస్తోందేంటి?"

"పవర్ స్టీరింగంటే అంతే."

"ఓసారి ఆ అమ్మినాయన్ని అడగరాదూ?"

"నువ్వు టార్చి తిన్నగా పట్టుకో" అన్నాను.

పైపుల్లో గాలి పోవాలంటే బండిని జాకీల మీద లేపి స్టీరింగును అటూ ఇటూ పూర్తిగా తిప్పాలి. సుజాత డ్యూటీలో ఉంది. ఇండియా నుంచి మమ్మల్ని చూసిపోదామని వచ్చిన అత్తగారిని బయట నిలబెట్టి, లోపల కూర్చుని తిప్పాను.

"అత్తయ్యగారూ, టైర్లు తిరుగుతున్నాయా?"

"తిరుగుతున్నాయి బాబూ, దివ్యంగా తిరుగుతున్నాయి!"

నేను పొంగిపోయాను. వీధిలో ఒక చుట్టు తిప్పి వద్దామని తాళం అందుకుంటే ఆవిడ చేయి అడ్డం పెట్టింది. "హవ్వ! పూజ కాకుండా బండి గడప దాటుతుందా? మా నాన్నగారు ట్రాక్టరుకు కొత్త ఇంజను వేయించినా కొబ్బరికాయ కొట్టందే కదిలించేవారు కాదు. శనివారం మంచి ముహూర్తముంది."

సరేనన్నాను. ఆలస్యం అమృతం విషమంటారు కానీ, ఆ రెండు రోజులూ బండి కదలకపోవడమే అమృతం.

శనివారం పంతులుగారు బర్మింగ్‌హామ్ నుంచి తన చిన్న కారులో వచ్చారు. మా గేటుకు ఎడమ పక్కన రోడ్డు మీద దాన్ని ఆపారు. కొత్త కారు, ఇంకా వాసన పోలేదు. బండి మూతికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. అత్తగారు వెనక సీట్లో పట్టుచీరతో కూర్చుంది, సుజాత నా పక్కన. చెప్పులు విప్పేసి, కొబ్బరినీళ్లతో తడిసిన కాళ్లతో నేను.

"బాబూ, నిమ్మకాయల మీదుగా తిన్నగా వెళ్లి, ముందు కుడికే తిరగండి. శుభం" అంది అత్తగారు.

ఇంజను గుర్రుమంది. మొదటి గేరులో ఈ బండి నత్తలా పాకుతుంది, కానీ గోడ అడ్డమొచ్చినా ఆగే నత్త కాదు. నిమ్మకాయలు టప్ టప్‌మని నలిగాయి. పంతులుగారు చేతులు జోడించి, తన కారు దగ్గరికెళ్లి డిక్కీలో సామాన్లు సర్దుకుంటున్నారు. రోడ్డు మీదికి రాగానే నేను కుడికి తిప్పాను. నిజంగానే ఒక్క వేలితో తిరిగింది! ఆహా అనుకునేలోపు బండి ఎడమకు తిరిగింది.

"ఏమండీ, పంతులుగారు!" అంది సుజాత.

చాలలేదేమోనని ఇంకాస్త కుడికి తిప్పాను. బండి ఇంకాస్త ఎడమకు, సరిగ్గా పంతులుగారి వీపు మీదికి.

"కుడికండీ! కుడికి!"

"కుడికే తిప్పుతున్నానే!"

"బాబూ కుడికి! అయ్యో, కాశీ వస్తాను స్వామీ!" అంటోంది వెనక నుంచి అత్తగారు.

బుర్రలో ప్రతి నరమూ కుడి కుడి అని అరుస్తోంది, చేతులు కుడికే తిప్పుతున్నాయి, బండి మాత్రం పంతులుగారి కోసమే పుట్టినట్టు ఆయన వైపే పోతోంది. బ్రేకు తొక్కాను. తడికాలు జర్రున జారింది. పంతులుగారు వెనక్కి తిరిగి చూశారు. తప్పుకుందామంటే ఒకపక్క తెరిచిన డిక్కీ, ఇంకోపక్క పొరుగింటి ముళ్ల కంచె. కొబ్బరిచిప్పల పళ్లేన్ని డాలులా గుండెలకు అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నేను రెండు కాళ్లూ కలిపి బ్రేకు మీద దూకాను. బండి ఒక్క కుదుపుతో ఆగి, ఇంజను చచ్చింది. బంపరు పళ్లేనికి తగిలి టింగుమంది. అంతే.

ఆ టింగు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పంతులుగారు ఒక కన్ను తెరిచి, "బాబూ, దక్షిణ తర్వాత ఇద్దురుగాని, ముందు వెనక్కి తీయండి" అన్నారు.

రివర్స్ వేశాను. మళ్లీ అలవాటుగా తిప్పాను, ఈసారి వెనక భాగం పొరుగింటి గోడ వైపు బయల్దేరింది. ఈలోగా పార్సిళ్ల వ్యాను ఒకటి వచ్చి వెనకాల నిలబడి హారన్ కొడుతోంది. కుడితిలో పడ్డ ఎలుకకైనా ఏ వైపు ఈదాలో తెలుసు, నాకు అదీ తెలియలేదు.

"దిగండి" అంది సుజాత.

"నీ భుజం..."

"దిగండి ముందు."

దిగాను. ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత ఎడమ చేత్తో, అటు కావాలంటే ఇటు తిప్పుతూ, ఇటు కావాలంటే అటు తిప్పుతూ, అడుగడుగునా ఆపుకుంటూ, నత్తకంటే మెల్లగా బండిని వెనక్కి తెచ్చి, గీత కూడా పడకుండా మా ఇంటి ముందు పెట్టేసింది. వ్యాను డ్రైవరు బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్లాడు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"నీకెలా వచ్చిందే?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ చేస్తున్న పనేగా" అంది దిగుతూ.

నా కోపమంతా అత్తగారి మీదికి మళ్లింది. "టైర్లు దివ్యంగా తిరుగుతున్నాయన్నారు కదండీ!"

"తిరిగాయి బాబూ. ఎటు తిరిగాయని మీరు అడగలేదుగా" అంది ఆవిడ చీర సర్దుకుంటూ.

జెఫ్‌కు ఫోన్ చేశాను. నేను హలో అనకముందే అతను, "ఎటు తిప్పితే ఎటు పోయింది?" అన్నాడు. ఆ బాక్సు ఎడమపక్క స్టీరింగుండే బండిదట. దాన్ని మన కుడిపక్క స్టీరింగు బండికి బిగిస్తే చేయి వెనక్కి తిరిగి, అంతా తలకిందులవుతుందట. చెప్పబోయిన ప్రతిసారీ నేను తలుపు వైపు చూశానట. "సరైనది నీ కోసం బల్ల కింద దాచి ఉంచాను. వస్తావని తెలుసు" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. అతను బాక్సు గురించి, బోల్టుల గురించి, ఆపైన తన గొర్రెల గురించి కూడా చెప్పాడు. తల నిలువుగా ఊపుతూ అంతా విన్నాను. తెచ్చి బిగిస్తే కన్నాలు వాటంతటవే కలిశాయి. చేయి ముందుకు చూసింది. ఈసారి ముహూర్తం అడక్కుండానే వీధి చివరిదాకా నడిపి, అటూ ఇటూ తిప్పి చూశాను. అత్తగారు కిటికీలోంచి చూసి రెండు చేతులూ జోడించింది.

సోమవారం పొద్దున సుజాత యూనిఫాం వేసుకుని, బ్యాగు పక్కన పడేసి, బండెక్కింది. గేటు దాటి కుడికి తిప్పింది. బండి కుడికే తిరిగింది. నా కళ్లు చెమర్చాయి, దాచుకోను. ఆవిడ బండి ఆపి, కిటికీ దించి నన్ను పిలిచింది.

"ఏమండీ, ఇన్నేళ్ల కాపురంలో నేను తిప్పిన వైపు తిరిగింది మనింట్లో ఇదొక్కటే. దీన్ని మాత్రం మీరు ముట్టుకోకండి!"

కాబట్టి పాఠక మహాశయులారా, రోడ్డు మీద నలిగిన ఆ నాలుగు నిమ్మకాయల సాక్షిగా, పంతులుగారి పళ్లేనికి పడ్డ సొట్ట సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: అమ్మేవాడు నోరు తెరిస్తే ఇక జన్మలో తలుపు వైపు చూడను. టార్చి పట్టుకున్న మనిషి ఏదైనా అడిగితే, ముందు ఆ మనిషి చూపించే వైపు చూస్తాను.

ఆ ప్రమాణం సుజాతకు కూడా చదివి వినిపించాను. "సరే, బాగుంది. ఇప్పుడు ఎడమకు జరగండి, చీపురు పడుతున్నాను" అంది. నేను కుడికి జరిగాను.