తల పట్టినవాళ్ళదే మాట

మెడ కదలకుండా వేసే కాలరు పట్టీని ఊడదీసినప్పుడు చర్రుమని ఒక శబ్దం వస్తుంది, కొత్త గుడ్డను నిలువునా చింపినట్టు. మొన్న తిరుపతిలో అంబులెన్సు సిబ్బందికీ, చుట్టుపక్కల ఆసుపత్రుల నర్సులకూ డాక్టర్లకూ క్లాసు చెబుతున్నాను. కాలరు వేయడం, తీయడం నేర్పుతుంటే గది అన్ని మూలల నుంచీ ఆ శబ్దం ఒక్కసారే వచ్చింది. వాళ్ళంతా తమ పనిలో మునిగి ఉన్నారు గానీ నాకే మాట ఆగిపోయింది. ముందు వరుసలో కూర్చున్నాయన నీళ్ళు కావాలా మేడం అని అడిగాడు. వద్దన్నాను. చిత్తూరులో నేను పనిచేసిన పాత ఆసుపత్రి, ఎమర్జెన్సీ వార్డు పక్కన సామాన్ల గది, అక్కడి గురువారం మధ్యాహ్నాలు కళ్ళ ముందుకు వచ్చేశాయి. వాటితో పాటే డాక్టర్ ఇందుమతి మేడం వచ్చారు. దెబ్బలు తగిలి వచ్చినవాళ్ళకు సేవ చేయడం నాకు నర్సింగ్ కాలేజీలో నేర్పారు. ఆ సేవలో నోరు విప్పడం మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

మేడం మత్తు డాక్టరు. మా ఎమర్జెన్సీకి పెద్ద కూడా ఆవిడే. చిత్తూరు పక్కన పల్లెలో మామిడి తోటలున్న ఇంటి ఆడపిల్ల. పొట్టి మనిషి, పెద్ద గొంతు, నూలు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నడిచే నడక. పై అధికారులు వచ్చినప్పుడు పుస్తకాల తెలుగు మాట్లాడి, వాళ్ళ కారు గేటు దాటగానే మళ్ళీ తోట భాషలోకి దిగిపోయేవారు. ప్రతి గురువారం భోజనాలయ్యాక సామాన్ల గదిలో మా అందరికీ క్లాసు పెట్టేవారు. డాక్టరు, నర్సు, ఎక్స్‌రే తీసే అబ్బాయి, స్ట్రెచర్ తోసే మునస్వామి, అందరూ రావలసిందే. తప్పించుకోవడానికి మేం చెప్పని సాకు లేదు. అది తెలిసే ఆవిడ టీ ఫ్లాస్కును ఆ గదిలోనే పెట్టించి, క్లాసు అయ్యేదాకా మూత తియ్యనిచ్చేవారు కాదు. చదువు మీద ప్రేమతో ఎంతమంది వచ్చారో నాకు తెలియదు గానీ, టీ కోసం మాత్రం అందరం వచ్చాం.

అప్పుడే చదువు ముగించుకుని చేరిన సర్జన్ హరినాథ్ సారుకు ఈ క్లాసులు నామోషీగా ఉండేవి. పరీక్షలన్నీ పాసై వచ్చాం కదా మేడం, మళ్ళీ ఇదేంది అని ఒకసారి నవ్వుతూనే అడిగాడు. మేడం కూడా నవ్వారు.

"డిగ్రీని గోడకు తగిలించినావు కదప్పా. గోడ మర్సిపోదు, సెయ్యే మర్సిపోతాది," అని, ఆయన్నే స్ట్రెచర్ మీద పడుకోమన్నారు. ఆ రోజు పేషెంటు ఆయనే.

వెన్నెముకకు దెబ్బ తగిలిన మనిషిని పక్కకు తిప్పడం మాకు అన్నిటికంటే ఎక్కువసార్లు చేయించిన పాఠం. వీపు మీద ఏ గాయం ఉందో చూడాలంటే తిప్పాలి. తిప్పేటప్పుడు తల, భుజాలు, నడుము, కాళ్ళు అన్నీ ఒక్కటిగా కదలాలి. ఎక్కడ మెలి పడినా లోపలి నరాలకు ప్రమాదం. అందుకని ఒకరు తలను రెండు చేతుల మధ్య పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్క చెబుతారు, మిగతావాళ్ళు ఆ లెక్కకు కదులుతారు. తల పట్టుకున్నది ఎవరైనా సరే, ఆ కాసేపు గదిలో మాట వాళ్ళదే. సర్జన్ అయినా, మేడం అయినా వినాల్సిందే. చిన్నప్పుడు తమ తోటలో కాయలు కోసేవాడు చెట్టు మీద నుంచి పడితే, తోటివాళ్ళు చేతులూ కాళ్ళూ పట్టి ఎత్తి బండిలో వేశారని, ఆ మనిషి మళ్ళీ నడవలేదని మేడం ఒక క్లాసులో చెప్పారు. వాళ్ళంతా అతని సొంత అన్నదమ్ములట. ప్రేమతోనే ఎత్తినారు పాపం, ఎట్ట ఎత్తాలో చెప్పేవాళ్ళు లేరు అన్నారు. ఆ తర్వాత ఆవిడ క్లాసుకు సాకులు చెప్పడానికి నాకు మనసు రాలేదు.

కానీ నా చిక్కు వేరు. నాకు తల పట్టుకోవడం వచ్చు, లెక్క చెప్పడమే రాదు. మాది నగరి. మా ఇంట్లో మరమగ్గాలు పొద్దున మొదలైతే రాత్రి దాకా మోగేవి. ఆ మోతలో అరిచినా వినబడదు కాబట్టి మేమంతా కళ్ళతో, చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. అన్నం తింటావా అనడానికి ఒక సైగ, దారం తెగిందనడానికి ఒక సైగ. ఆ ఇంట్లో పెరిగిన నాకు, పెద్దవాళ్ళు ఏదైనా చెబితే తల ఊపి పని చేసుకుపోవడమే మర్యాద. వార్డులోనూ అదే చేసేదాన్ని. మందు ఎక్కించమంటే తలూపి ఎక్కించేదాన్ని. ఎక్కించానని నోటితో చెప్పేదాన్ని కాదు. పని చేస్తున్నాను కదా, మళ్ళీ చాటింపు వేయడం ఎందుకు అని నాకు లోపల కొంచెం పొగరు కూడా ఉండేది.

ఒకరోజు మేడం నన్ను పక్కకు పిలిచారు. కోప్పడలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

"నువ్వు తలూపితే నాకెట్ట తెలుస్తాది పాపా? నా కండ్లు పేషెంటు మీద ఉంటాయి. మామిడి కోతలు మొదలయ్యే లోపల నీ గొంతు ఆ మూలకు ఇనపడాల. లేకుంటే నేనే నిన్ను ఇంజెక్షన్ల గదికి పంపిస్తా. ఈడ ఇనపడని మనిషి ఉంటే పేషెంటుకు చేటు."

ఇంజెక్షన్ల గది చెడ్డదేమీ కాదు. కూర్చుని చేసుకునే పని, వేళకు ఇంటికి పోవచ్చు. కానీ నేను నర్సునైందే ఎమర్జెన్సీ కోసం. నా చిన్నతనంలో మగ్గం పట్టాలో నాయన చెయ్యి ఇరుక్కున్నప్పుడు, ఆసుపత్రిలో ఆయన చుట్టూ గబగబా కదిలిన మనుషుల్లో ఒకరిని కావాలని అప్పుడే అనుకున్నాను. ఆ వార్డు నుంచి నన్ను తీసేస్తే ఇన్నేళ్ళ చదువూ వృథా అనిపించింది. ఇంటికి వెళ్ళి ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకోవడం కూడా మాకు సరిగా రాదు.

తర్వాతి గురువారం నన్ను తల దగ్గర నిలబెట్టారు. మునస్వామి పేషెంటు. హరినాథ్ సారు, ఇంకో ఇద్దరు అతని మీదుగా వంగి, అవతలి పక్క భుజాన్నీ నడుమునూ కాళ్ళనూ పట్టుకున్నారు. లత గొంతు గోడ దగ్గరున్న నాకు వినిపిస్తేనే కదలండి, లేకుంటే అట్లే ఉండండి అన్నారు మేడం. నేను లెక్క చెప్పాను. ఎవరూ కదల్లేదు. మళ్ళీ చెప్పాను. ఏదో ఈగ తిరగతా ఉన్నట్టుండాది అని మేడం కిటికీ వైపు చూశారు. నడుములు వంచుకుని నిలబడినవాళ్ళ ముఖాలు ఎర్రబడుతున్నాయి. హరినాథ్ సారు నా వైపు చూసిన చూపులో బతిమాలడం ఉంది. మునస్వామి హాయిగా నిద్రపోయాడు, గురక కూడా మొదలైంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, తిప్పండి అంటా ఉంటే ఎవురికీ ఇనపడదా అని ఒక్క అరుపు అరిచాను. మునస్వామి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. నిజంగా మెడ విరిగినవాడైతే ఆ ఉలికిపాటుకే పోయేవాడు అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గొంతు ఉందని తెలిసింది, ఇంక దాన్ని ఎట్ట వాడాలో సూద్దాం అన్నారు మేడం. ఈసారి నన్నే స్ట్రెచర్ మీద పడుకోబెట్టి మెడకు కాలరు బిగించారు. ఎవరూ ఒక్క మాట మాట్లాడకుండా నాకు చేయాల్సినవన్నీ చేయమన్నారు. నాకు పైకప్పు, ఫ్యాను, ఒక ట్యూబులైటు కనిపిస్తున్నాయి, అంతే. ఎవరివో చేతులు ఎక్కడి నుంచో వచ్చి నా భుజాన్ని పట్టాయి. నడుము కింద ఇంకెవరో చెయ్యి పెట్టారు. ఏం చేయబోతున్నారో తెలియదు. వాళ్ళంతా రోజూ నాతో కలిసి అన్నం తినే మనుషులే, పైగా ఇది ఉత్త నటన అని నాకు తెలుసు. అయినా స్ట్రెచర్ అంచును గట్టిగా పట్టుకున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాలరు విప్పారు. ఆ చర్రుమన్న శబ్దం నా చెవి పక్కనే వినబడింది.

"ఇప్పుడు తెలిసిందా? లెక్క మాకోసం కాదు. ముందు ఆ పండుకున్నోడి కోసం మాట్లాడు. పేరు పెట్టి పిలువు. ఏం జరగతాదో చెప్పు. మేము పక్కనే ఉంటాం, మాకూ ఇనపడతాది."

అంతవరకూ మాట్లాడడమంటే పెద్దవాళ్ళ ముందు గొంతు లేపడమని అనుకున్నాను. పడుకుని ఉన్నవాడికి తోడుగా ఉండడమని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత నాకు మాట అంత కష్టం కాలేదు. ఒక్కసారిగా వచ్చేయలేదు గానీ, ప్రతి గురువారం కొంచెం కొంచెం పెరిగి గది మధ్య దాకా, ఆ తర్వాత గోడ దాకా చేరింది.

కోతలు మొదలయ్యాయి. బంగారుపాళ్యం దగ్గర తోటలో కొమ్మ విరిగి పడిపోయిన మురుగేశు అనే యువకుణ్ణి అంబులెన్సులో తెచ్చారు. మెలకువగానే ఉన్నాడు. షర్టుకంతా మామిడి జీడి మరకలు. వరండాలో అతని తల్లి ఏడుస్తోంది. అదే సమయానికి రోడ్డు మీద ట్రాక్టరు బోల్తా పడి ఇంకో ముగ్గురు వస్తున్నారని ఫోను. అందరిలోనూ తొందర. మేడం భుజాల దగ్గరికి వెళ్ళి నిలబడి, తల దగ్గరికి రమ్మని నా వైపు చూశారు. హరినాథ్ సారు నడుము పట్టుకున్నాడు, మునస్వామి కాళ్ళు. వీపు చూడడానికి ఇంకో నర్సు సిద్ధంగా ఉంది.

మురుగేశూ, నేను లతను, నీ తల నా చేతుల్లో ఉంది, నువ్వు ఆడించొద్దు, ఇప్పుడు నిన్ను మెల్లగా పక్కకు తిప్పతాం అని చెప్పి లెక్క మొదలుపెట్టాను. సగం తిరిగాడో లేదో, అక్కా సేతులు మంటగా ఉండాయి అన్నాడు. చూస్తే భుజాలు నా చేతులకంటే ముందు పోతున్నాయి, మెడలో నరాలు నొక్కుకుంటున్నట్టే. భుజాలు పట్టుకున్నది మేడం.

"ఆగండి. అందరూ ఆగండి. మెల్లగా వెనక్కి," అన్నాను.

సగం తిప్పేసినాం కదా, చూసేస్తే అయిపోతుంది అన్నాడు హరినాథ్ సారు. ఆయన తొందరకు కారణం ఉంది, అవతల అంబులెన్సు మోత వినిపిస్తూనే ఉంది. మేడం ఆయన వైపు తిరగను కూడా తిరగలేదు.

"తల పట్టినవాళ్ళదే మాట," అన్నారు. ఆవిడ చేతులు అప్పటికే ఆగిపోయి ఉన్నాయి.

నేను చెప్పిన లెక్కకు వెనక్కి తెచ్చాం. మంట తగ్గిందన్నాడు. చేతులు సరిచేసుకుని, మళ్ళీ అతనికి చెప్పి, ఈసారి ఇంకా నెమ్మదిగా తిప్పాం. స్కానులో మెడ ఎముక చిట్లిందని తెలిసింది. తిరుపతికి ఆపరేషనుకు పంపించాం. అప్పుడు ఆగకపోతే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు, ఏమీ కాకపోయేదేమో కూడా. మేడం కూడా అదే అన్నారు. తన చేతులు తొందరపడ్డాయని అందరి ముందు మామూలుగా చెప్పి, వచ్చే గురువారం తిప్పడం కాదు, ఆగడం నేర్చుకుందాం అన్నారు. నేను గుడ్డల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. భయం తీరి వచ్చిన ఏడుపు అది. కానీ ఇంజెక్షన్ల గది సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ అడగలేదు. బదిలీల మాట వినబడినప్పుడల్లా నా పేరుందేమోనని ఆరా తీసేదాన్ని.

కాపు అయిపోయి చినుకులు పడుతున్న రోజుల్లో ఒక గురువారం, తల దగ్గర నిలబడి మునస్వామికి అతన్ని ఏం చేయబోతున్నామో చెబుతున్నాను. తలుపు దగ్గర ఎవరో వచ్చి ఆగారు. మెడకు కాలరు, పక్కన తల్లి. చెకప్‌కు వచ్చిన మురుగేశు. తన కాళ్ళ మీద తానే నిలబడి ఉన్నాడు. నన్ను కాదు, గదినంతా చూస్తున్నాడు.

"ఆ మాట్లాడింది ఎవురు మేడం? ఆయమ్మ మొగం నాకు తెలీదు. గొంతు తెలుసు," అన్నాడు.

ఆ రోజు అతను పైకప్పు తప్ప ఏమీ చూడలేదు కదా. నేనే అని చెప్పాలనుకున్నాను. ఇన్ని నెలలు కష్టపడి తెచ్చుకున్న గొంతు సరిగ్గా అప్పుడే రాలేదు. అందరూ నా వైపు చూశారు. అతని తల్లి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. మేడం టీ ఫ్లాస్కు మూత తీశారు, క్లాసు ఇంకా అవ్వకుండానే. మొదటి గ్లాసు నాకే పోసి ఇచ్చారు.

"ఇంక నువ్వు యాడికీ పోయే పనిలేదు, పాపా," అన్నారు.

మేడం ఇప్పుడు రిటైరై తమ తోటలోనే ఉన్నారు. నా క్లాసు అయిన సాయంత్రం ఫోను చేసి ఎంతమంది వచ్చారు, ఎవరు నోరు విప్పారు అని అడుగుతారు. నేర్చుకునేవాళ్ళు తగ్గలేదని చెబితే సంతోషపడతారు. నా ఉద్యోగం చిత్తూరు నుంచి తిరుపతికి మారింది గానీ వార్డు మారలేదు. ఇప్పటికీ కొత్తగా ఎవరి తలనైనా చేతుల్లోకి తీసుకున్నప్పుడు, డాక్టర్లు ఎంత తొందరలో ఉన్నా, ముందు ఆ మనిషిని పేరు పెట్టి పిలుస్తాను. నేను లతను, ఇక్కడే ఉన్నాను, ఏం జరగబోతున్నా నీకు ముందే చెబుతాను అంటాను. అవతలి గోడ దాకా వినబడేట్టే అంటాను.