సగంలో ఆపే మా మరిది

మా మరిదికి ఒకటే జబ్బు. నడుస్తున్నది ఏదైనా సరే, సగంలో ఆపి ఏమవుతుందో చూడాలి. పిల్లలు అతనికి సగంబాబాయ్ అని పేరు పెట్టేశారు.

పాపం, అతని ఉద్యోగమే అది. కంప్యూటరు ప్రోగ్రాములు నడుస్తున్నాయా లేదా చూసేవాళ్ళు వేరే ఉంటారట. ఇతని పని, నడుస్తుండగా వాటి పీక నొక్కడం. తెరుచుకుంటుండగా ఒకసారి, పని మధ్యలో ఒకసారి. అదీ తన చేత్తో కాదు. పీక నొక్కడానికి ఇంకో ప్రోగ్రాము రాసి పెట్టి, తను వెళ్ళి టీ తాగి వస్తాడు.

"బతికున్నదాన్ని ఎందుకయ్యా చంపడం?" అని అడిగాను ఒకసారి.

"సరిగ్గా పోవడం కూడా ఒక పనే వదినా. కొన్ని పోతూ పోతూ ఇల్లంతా చిందరవందర చేసి పోతాయి. తలుపులు వేసుకుని, దీపాలు ఆర్పి..." అంటూ నా మొహం చూసి, ఆ మాటనీ సగంలో ఆపేశాడు. మా ఆయన పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

ఇంట్లోనూ అదే వరస. తిరుగుతున్న వాషింగ్ మెషీన్ ప్లగ్గు పీకాడు. అది తిరిగి లేచి, నీళ్ళన్నీ హాల్లోకి పంపింది. "బట్టలు కాదక్కా, ఈయన్ని వెయ్యాలి అందులో" అని మా తోడికోడలు గుడ్డ పట్టుకుని నేల మీద కూలబడింది. కింద ఇంటి లాయరుగారిని లిఫ్టులో ఎక్కించుకుని అంతస్తుల మధ్య ఆపాడు. ఆయన ఇప్పటికీ మెట్లెక్కే వస్తున్నారు. ఆఖరికి తన అత్తగారు ఫోన్లో మందలిస్తుంటే మధ్యలో కట్ చేసి, మళ్ళీ తనే చేశాడు.

"మీ అమ్మ చాలా గట్టి ప్రోగ్రామే! ఏ తిట్టు దగ్గర ఆగిందో సరిగ్గా అక్కణ్ణుంచే అందుకుంది" అని పెళ్ళాంతో చెప్పి మురిసిపోయాడు.

అలాంటివాణ్ణి మా ఇంట్లో ఒక గదిలోకి మాత్రం రానివ్వలేదు. మా ఆయన ఇంట్లో తీసిన వీడియో ముక్కలన్నీ కలిపి ఒక సినిమాలా చేస్తూ, సేవ్ చేయకుండానే పోయారు. ఆ కంప్యూటరు అలాగే వెలుగుతోంది, చిన్న చిన్న కోతలకి ఇన్వర్టరు ఆదుకుంటోంది. మా అమ్మాయి సేవ్ నొక్కి చూస్తే తెర మీద గుండ్రం తిరుగుతుందే తప్ప పలకదు. ఆర్పితే అన్నీ పోతాయని భయం. ముక్కలు వేరే ఎక్కడా లేవు.

మరిది మాత్రం వచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడి ప్రాణం తోడేసేవాడు.

"వదినా, ఆ గుండ్రం తిరుగుతూనే ఉందా, ఆగి ఆగి తిరుగుతోందా?"

"నీకెందుకు నాయనా? నువ్వు గుమ్మం దాటకు."

"దాటను. తెర కింద, సినిమా ఎంతవరకు వచ్చిందో చూపే ఎర్రగీత ఎక్కడుందో చెప్పు చాలు."

ఇంతలో కరెంటువాళ్ళు కాగితం అంటించారు, మా వీధి తీగలు మారుస్తారట, ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కరెంటు ఉండదని. ఇన్వర్టరు అంతసేపు లాగదు.

ఆదివారం పొద్దున్నే మరిది పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"అడ్డు తప్పుకో అక్కా," అంది తోడికోడలు. "బావగారి దానిలాంటిదే పాత డబ్బా ఒకటి తెచ్చి మా పడగ్గదిలో పెట్టారీయన. అందులోనూ ఇదే ప్రోగ్రాము. రోజంతా అది చావడం, లేవడం, మళ్ళీ చావడం. ఆ గోలకి నాకు నిద్ర కరువైంది."

నేను మరిది వంక చూశాను.

"కరెంటు దానంతటది పోతే అన్నీ పోతాయి వదినా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మనమే ముందు ఈ ఒక్క ప్రోగ్రామునే ఆపితే, చేసినదంతా పక్కన దాచి మరీ పోతుంది. కాకపోతే గుండ్రం ఒక్క క్షణం ఆగుతుంది చూడు, అప్పుడే నొక్కాలి. మొదట్లో అన్నీ పోగొట్టాను. ఇప్పుడు పోవట్లేదు."

"అయితే నొక్కు."

కూర్చున్నాడు. మౌసు మీద చెయ్యి వేశాడు. గుండ్రం ఆగింది, మళ్ళీ తిరిగింది. ఇంకోసారి ఆగింది. చెయ్యి కదలదే!

"నొక్కవేం?"

"నా వల్ల కాదు వదినా. ఇది అన్నయ్యది."

లోకంలో కనబడ్డదాన్నల్లా ఆపేవాడు చెమటలు కక్కుతున్నాడు. లేపి, నేనే కూర్చున్నాను. గుండ్రం ఆగగానే నొక్కాను. బొమ్మ పోయింది. మళ్ళీ తెరిస్తే, పాత పని కావాలా అని అడిగింది.

కావాలన్నాం.

మా ఆయన గొంతు. "ఇటు తిరగవే! కెమెరా ఇటుంది!" ఏ ముక్క చూసినా పొయ్యి దగ్గర నా వీపే. మరిది పగలబడి నవ్వాడు, ముక్కు చీదుకుంటూ. రెండుసార్లు చూశాం. మరిది దాన్ని ఇంకో రెండు చోట్ల దాచాడు.

కరెంటు పోవడానికింకా టైముంది. నేనే కంప్యూటరు ఆర్పేశాను.

"అదేంటి వదినా, మూడోసారి చూడవా?"

"తర్వాత చూద్దాం. లేవండి, కూర చల్లారిపోతోంది."