ఒంటి చెవి పోగు

ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాగాథ. ఇందులో సముద్రం ఉంది, తుఫాను ఉంది, నలుగురి ముందూ ఒక తల్లికి పెట్టిన పరీక్ష ఉంది, చివర్లో నెత్తురు కూడా ఉంది. కాకపోతే తుఫాను అల్పపీడనం దగ్గరే ఆగిపోయింది. నెత్తురు ఒక్క చుక్క. సముద్రం మమ్మల్ని పట్టించుకోలేదు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది మా అక్కా బావా దత్తత తెచ్చుకున్న పిల్ల సంగతి. వచ్చేనాటికి దానికి ఇంకా రెండేళ్లు నిండలేదు.

అక్కావాళ్ళది విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. బావకు రొయ్యల గుంటలున్నాయి. ఇంటి వెనకే గుంటలు, వాటిలో నీళ్ళను చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు. అవి తిరుగుతుంటే ఆ ఇంట్లో అందరికీ నిద్ర పడుతుంది, ఆగితే మెలకువ వస్తుంది. కరెంటు పోయి, జనరేటరు వెయ్యడం ఆలస్యమైతే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. ఇక ఆ పంట అంతే. అందుకే మిగతా ఇళ్ళలో చప్పుడైతే ఉలిక్కిపడతారు, అక్కడ చప్పుడు ఆగితే ఉలిక్కిపడతారు.

అలాంటి ఇంటికి ఏడవని పిల్ల వచ్చింది.

పడినా ఏడవదు. ఆకలేసినా ఏడవదు. పొద్దున లేచి, ఎవరో ఒకరు వచ్చేదాకా మంచం మీద కూర్చుని గోడను చూస్తూ ఉంటుంది. చూడవచ్చిన చుట్టాలంతా ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయారు. ఎవరు చేతులు చాపితే వాళ్ళ దగ్గరికి పోయేది. పాలవాడు చాపినా పోయింది. గ్యాసు సిలిండరు తెచ్చినతను చాపలేదు గానీ, చాపి ఉంటే పోయేదే.

దత్తత ఇచ్చిన సంస్థ నుంచి వచ్చిన మేడమ్ మాత్రం మురిసిపోలేదు. ఇన్నాళ్ళూ డ్యూటీ మారినప్పుడల్లా ఆయా మారింది, దానికి అందరూ ఒకటే అని చెప్పింది. కొన్ని నెలలపాటు తిండి పెట్టడం, స్నానం చేయించడం, ఎత్తుకోవడం అమ్మా నాన్నే చెయ్యాలి, మిగతావాళ్ళు దూరం నుంచి నవ్వితే చాలునట. మా వైపు చంటిబిడ్డను చూడవచ్చి ఎత్తుకోకుండా పోవడమంటే, పెళ్ళికి వచ్చి విస్తరి చూసి పోవడమే. అక్కవాళ్ళ అత్తకు ఇది మింగుడుపడలేదు. గడపలో కూర్చుని, మనవరాలిని ముట్టుకోకూడదని గవర్నమెంటు ఆర్డరొచ్చిందని ఊరందరికీ చెప్పేది. చుట్టాలను ఆపడానికి డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నన్ను పిలిపించి గేటు దగ్గర పెట్టారు. నా చదువుకు దొరికిన తొలి ఉద్యోగం అది.

ఒక ఆదివారం పిల్లను బీచికి తీసుకుపోయాము, నలుగురిలో తిప్పితే అలవాటు పడుతుందని. ఆకాశం పొద్దుటి నుంచే నల్లగా ఉంది. గాలి లేదు. నెల్లూరు నుంచి వచ్చిన జనం మాత్రం ఇవేమీ పట్టనట్టు మొక్కజొన్న కంకులు తింటున్నారు. బావ కూడా కంకుల కోసమే పోయాడు. అక్క వంగి, పిల్ల చెప్పుల్లో ఇసుక దులిపింది. లేచి చూస్తే పిల్ల లేదు.

నీళ్ళవైపు చూసే ధైర్యం ఎవరికీ లేదు. అందరం నీళ్ళవైపే చూశాం. పిల్ల సరిగ్గా దానికి ఎదురు దిక్కున, ఎవరో పెద్దమనిషి వేలు పట్టుకుని కార్లు ఆపిన చోటికి నడుస్తోంది. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. అక్క పరిగెత్తి ముందుకు పోయి చేతులు చాపింది. పిల్ల ఆ పెద్దమనిషిని ఎలా చూసిందో అక్కనూ అలాగే చూసింది. ముందు పట్టుకున్న వేలు వదల్లేదు.

ఆయన మంచివాడే. అందుకే అనుమానపడ్డాడు.

"నీ బిడ్డేనా అమ్మా?"

"నా బిడ్డే."

"మరి నిన్ను చూసి రాలేదే?"

జనం మూగారు. కంకులు కాల్చే ఆమె విసనకర్ర పట్టుకునే వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ వీడియోలు ఫోన్లలో చూడనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఒకామె పిల్ల ముందు కూర్చుని, ఈమె మీ అమ్మేనా అని అడిగింది. పిల్ల ఆమెను చూసి నవ్వింది. తర్వాత అక్కను చూసి నవ్వింది. చివరికి బావ వచ్చి ఫోనులో ఫోటోలు చూపిస్తే వదిలారు. ఆ ఫోటోల్లోనూ అదే నవ్వు.

ఇంటికి వచ్చాక నాతో ఒక్కటే అంది.

"అది నన్ను వదిలి పోయినా దానికి తెలీదురా. నేను పోయినా తెలీదు."

ఏదో ఒకటి అని నవ్వించబోయి, బావ మొహం చూసి మానుకున్నాను. ఏరియేటర్లు ఆగినప్పుడు చెవులు రిక్కించినట్టు కూర్చుని ఉన్నాడు.

ఆ తర్వాత అత్త చెవులు కుట్టించాలని పట్టుబట్టింది. మేనమామ ఒడిలో కుట్టాలి. మేడమ్ రూలు ఒకవైపు, ఆచారం ఒకవైపు, మధ్యలో నా ఒడి. అక్క ఎదురుగానే కూర్చునేటట్టు, పని కాగానే నేను పిల్లను ఇచ్చేసేటట్టు రాజీ కుదిరింది. ముహూర్తం నాటికి అల్పపీడనం వచ్చి ముసురు పట్టింది. ఎండ లేకపోతే గుంటల్లో గాలి చాలదు కాబట్టి పట్టపగలే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. కంసాలి ఆచారి గొడుగేసుకుని వచ్చాడు. మొన తీసిన బంగారు తీగ పిల్ల ఎడమ చెవికి గుచ్చి, మెలితిప్పాడు.

ముందే చెప్పిన నెత్తురు చుక్క ఇక్కడ వచ్చింది. నా ఒడిలో పిల్ల చెక్కలా బిగుసుకుపోయింది. కళ్ళు తడి కూడా కాలేదు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆచారి చెయ్యి ఆగింది. "ఏందబ్బయా ఇది? ఊరందరికీ కుట్టినా. ఇట్టాంటి బిడ్డను చూళ్ళా" అన్నాడు మెల్లగా.

అప్పుడు కరెంటు పోయింది.

ఒక్కొక్క ఏరియేటరే మందగించి ఆగిపోయింది. దానికి ఆ ఇంట్లో వాళ్ళు ఆలోచించరు, లేచి పరిగెత్తుతారు. బావ గుంటల వైపు, అక్క జనరేటరు షెడ్డు వైపు. అక్క వీపు గుమ్మం దాటి వానలో కనబడకుండా పోవడం పిల్ల చూసింది.

ఇంట్లో ఏ చప్పుడూ లేదు. నా ఒడిలో చెక్క కదిలింది. ఆ తర్వాత వచ్చిన అరుపును నేను వర్ణించలేను. ఆచారి రెండో చెవి తీగ జారవిడిచి గోడకు అతుక్కున్నాడని మాత్రం చెప్పగలను. నా చెయ్యి కొరికింది, తన్నింది, గుమ్మం వైపు రెండు చేతులూ చాచి గుక్కపట్టింది. ఇన్ని నెలలుగా కాచుకున్న అత్త ఇదే సందని చేతులు చాపింది. పిల్ల ఆ చేతుల్ని తోసేసింది.

"చూసినావా అబ్బయా, నా దగ్గరికి రాలా" అంది అత్త, అందరికీ వినపడేటట్టు. ఆమె గొంతులో అంత సంతోషం నేను అంతకు ముందు వినలేదు.

అక్క డీజిలు చేతులతోనే వెనక్కి పరిగెత్తుకొచ్చింది. పిల్ల ఆమె మెడ పట్టుకుంది. ఆ పట్టు మళ్ళీ ఊడలేదు. బావ వాకిట్లో తడుస్తూ నిలబడి, "జనరేటరు ఎయ్యలేదా?" అన్నాడు. అక్క తల అడ్డంగా ఊపింది. ఆయన పిల్లను చూశాడు, తనే పోయి వేశాడు.

ఏడుపు సాయంత్రం దాకా సాగింది. ఒకవైపు ఏరియేటర్లు, ఒకవైపు అది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య బావ తడి బట్టలతోనే కుర్చీలో నిద్రపోయాడు.

రెండో చెవి జోలికి ఎవరూ పోలేదు. పిల్ల కొన్నాళ్ళు ఒంటి పోగుతో తిరిగింది. అక్కను అంటిపెట్టుకున్నప్పుడల్లా ఆ పోగు ఆమె చీరకు చిక్కుకుంటోందని తీసేశారు. రంధ్రం పూడిపోయింది. రెండు చెవులూ మొదటి నుంచి కుట్టించాలి.