ఒక్క వరసే మారాలి

మల్కాపురంలో రక్తం ఇచ్చేవాళ్ల జాబితా పద్నాలుగేళ్లుగా నా దగ్గరే ఉంది. నాలుగు నోటుబుక్కులు, నాలుగు వందల పన్నెండు మంది. చివరిసారి ఇచ్చిన తేదీయే అందులో ప్రాణం. మగవాళ్లను మూడు నెలలు, ఆడవాళ్లను నాలుగు నెలలు నిండకుండా పిలవను. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చాక పుటలు తిప్పుతూ కూర్చోవడం ఇబ్బందిగా ఉందని, ద్వారకా నగర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అన్నయ్య కూతురు దాన్ని డేటాబేస్‌గా కంప్యూటర్లో పెట్టింది. అందులో వివరాలు వెతకడానికి, మార్చడానికి వాడే ఎస్‌క్యూఎల్ భాషను పదమూడు ఆదివారాలు నాకు నేర్పింది.

పద్నాలుగో ఆదివారం నేనే పాడుచేశాను.

రిఫైనరీలో పనిచేసే ఒకతను ముందురోజు రక్తం ఇచ్చాడు. తేదీ మార్చమని ఒక పంక్తి, అది ఎవరిదో చెబుతూ కింద ఇంకో పంక్తి రాశాను. స్టీల్ ప్లాంట్ స్టోర్స్‌లో ముప్పై ఒక్క ఏళ్లు రిజిస్టర్ మీద స్కేలు ఆనించి చదివినదాన్ని. ఇక్కడ స్కేలు లేదు కనుక పై పంక్తిని మౌస్‌తో ఎంపిక చేసుకుని చదివాను. అది అలా ఉండగానే బటన్ నొక్కాను. ఎంపిక చేసిన ముక్కనే అమలు చేస్తుందని, ఎవరిదో చెప్పే కింది పంక్తిని వదిలేస్తుందని నాకు తెలియదు. 412 వరసలు మారాయని కింద చూపించింది.

"ఊరంతా ఒకే రోజు రత్తం ఇచ్చీసినారేటి అత్తా?" అని నవ్వింది మేనకోడలు. నా ముఖం చూసి ఆపేసింది. "పోన్లే, నోటుబుక్కే నయం నీకు."

"ఆ మాట అనకు. సాధనం మారుద్దాం."

నోటుబుక్కులు చూసి తొమ్మిది రోజుల్లో తేదీలన్నీ తిరిగి ఎక్కించాను. నోటుబుక్కుల్లో రాయడం మానేశాక రక్తం ఇచ్చిన పదకొండు మందికి ఒక్కొక్కరికే ఫోన్ చేసి అడిగాను.

అది పూర్తయ్యాక వచ్చిన ఆదివారం తను మూడు సాఫ్ట్‌వేర్లు తెచ్చింది. రంగులు, తనంతట తానే పదాలు పూర్తిచేసే సదుపాయాలు చూపించబోయింది. నేను వద్దన్నాను. జాబితాకు నకలు తీయించి, అదే తప్పును మూడింటిలోనూ కావాలని చేశాను. మొదటిది మాట్లాడకుండా మార్చేసింది. రెండోది హెచ్చరించింది, కానీ నేను చదవకముందే నా వేలు దాని 'సరే' బటన్ మీదికి పోయింది. మూడోది మార్పును పక్కన ఆపి ఉంచింది. ఖాయం చెయ్యమంటే తప్ప చెయ్యలేదు. వెనక్కి తీసుకోమంటే 412 తేదీలూ యథాస్థానంలో ఉన్నాయి.

"అది తెరుసుకోడానికే అరనిమిషం పడతాది. అచ్చరాలు సీమల్లాగున్నాయి," అంది. "మొదటిదాన్లోనూ ఆ సెట్టింగుంది అత్తా, నాను మార్సి ఇత్తాను."

"నువ్వు మార్చడం మర్చిపోయిన రోజు?"

మూడోదే పెట్టించుకున్నాను. అక్షరాలు పెద్దవి చేసుకున్నాను.

మూడు నెలలు దాటాక రిఫైనరీ అతను ఫోన్ చేశాడు. "అమ్మా, పొద్దున్నే మళ్లీ ఇచ్చీసినాను. రాసుకో."

రెండు పంక్తులూ రాశాను. మౌస్ ముట్టుకోకుండా, నిజం స్కేలునే తెర మీద ఆనించి చదివాను. బటన్ నొక్కాను. కింద 1 అని వచ్చింది. ఆ ఒకటిని రెండుసార్లు చూసి, అప్పుడు ఖాయం చేశాను.