పాకం చూసి పోసిన ఆయిలు

మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేరు ఉద్యోగి ఒకాయన ఈమధ్య స్పోర్ట్సు కారు కొన్నాడు. అది నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. అందులోంచి దిగడమంటే నా వయసు వాళ్ళకి బావిలోంచి పైకి రావడంతో సమానం. నేను ప్రయత్నించలేదు గానీ చూస్తేనే తెలిసిపోతుంది. మొన్న పొద్దున్న పాలప్యాకెట్టు పట్టుకుని లిఫ్టు కోసం నిలబడి ఉంటే, ఆయన తన ఫోను నా ముఖం ముందు పెట్టి, అందులో వరసగా ఉన్న అయిదారు ఆయిలు డబ్బాల బొమ్మలు చూపించి, మీరు ఆయిళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేశారట కదా, నా కారుకి ఏది పోయిస్తే మంచిదో చెప్పండి అన్నాడు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏది రాసుంటే అదే పోయించండి అన్నాను. ఉద్యోగం చేసిన అన్నేళ్ళ అనుభవంలోంచి ఇంతకంటే ఘనమైనదేదో రాలుతుందని ఎదురుచూసినట్టున్నాడు, కాస్త చిన్నబుచ్చుకున్నాడు. నేను ఇంటికొచ్చి పాలు స్టవ్వు మీద పెట్టి, అవి పొంగి పొర్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ ఒక్క ముక్క సమయానికి చెప్పలేకపోయిన రోజొకటి నా లెక్కలో ఉంది.

డిగ్రీలో కెమిస్ట్రీ చదివి నేను పోర్టు రోడ్డులో ఒక చిన్న ల్యాబులో చేరిన కొత్తలవి. ఓడల్లోంచి, క్రేనుల్లోంచి, ఫ్యాక్టరీల్లోంచి వాడిన ఆయిలు చిన్న సీసాల్లో మా దగ్గరికి వచ్చేది. అది ఎంత చిక్కగా ఉంది, ఎంత మసి పట్టింది, అందులో ఇనుము పొడి ఎంత కలిసింది అని చూసి కాగితం మీద రాసివ్వడం మా పని. మనుషులకి రక్తపరీక్ష ఎలాగో ఇంజన్లకి ఇది అలాగ, కాకపోతే రోగి పొడిచినా అరవడు. అప్పటికే మా అక్క మొగుడు కంచరపాలెంలో రేకుల షెడ్డు వేసుకుని లారీలూ, చేపల బోట్ల ఇంజన్లూ బాగుచేసేవాడు. మా బావది ఎలమంచిలి దగ్గర పల్లె, వాళ్ళింట్లో తరతరాలుగా బెల్లం వండేవారు. చిన్నతనమంతా ఆ పెనం దగ్గరే గడిపాడేమో, ఆయిల్ని కూడా బెల్లం పాకం చూసినట్టే చూసేవాడు. రెండు చుక్కలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసుకుని, రుద్ది, వేళ్ళు దూరం జరిపి, తీగ ఎంతదాకా సాగుతుందో చూసి, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని తేల్చేసేవాడు. లారీల విషయంలో, బోట్ల విషయంలో అతని వేళ్ళు ఎప్పుడూ తప్పలేదు. నా గాజుగొట్టాలు గంటసేపు శ్రమపడి చెప్పేదాన్ని ఆ వేళ్ళు అరనిమిషంలో చెప్పడం నాకంత నచ్చేది కాదు గానీ, ఆ సంగతి పైకి ఒప్పుకునేంత చదువు నేను చదవలేదు.

బావా బామ్మర్దుల మధ్య మాట ఎలా ఉంటుందో మన తరం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అతను నా డిగ్రీని ఏడిపించేవాడు, నేను అతని పాకాన్ని ఏడిపించేవాణ్ణి. పదేళ్ళ పరిచయంలో మేమిద్దరం ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా సూటిగా మాట్లాడుకోలేదంటే అతిశయోక్తి కాదు, అందులో మాకు కష్టమూ కనిపించలేదు.

అలా ఉండగా, పోర్టులో లారీలు తిప్పే ఒక కాంట్రాక్టరు విదేశం నుంచి రెండే సీట్లున్న తెల్లటి కారొకటి ఓడలో తెప్పించుకున్నాడు. బీచ్ రోడ్డులో అది వెళుతుంటే ముంతమసాలా బళ్ళవాళ్ళు కూడా చేతిలో పని ఆపి చూసేవారు. దాన్ని ముట్టుకునే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేకపోతే, మా బావ ఉందన్నాడు. ఈ కారు మూడు నెలలు సవ్యంగా నడిపించి చూపిస్తే తన లారీలన్నీ అతని షెడ్డుకే పంపిస్తానని కాంట్రాక్టరు మాటిచ్చాడు. అంతే, రేకులు తీసేసి శ్లాబు ఎక్కడిదాకా వెయ్యాలో బావ సుద్దముక్కతో నేల మీద గీతలు గీసుకున్నాడు. షెడ్డు బోర్డు మీద ఎవరి పేరుండాలో అక్క తేల్చేసింది, ఆవిడదే.

ఆ కారు పుస్తకం చదివిపెట్టమని బావ నన్ను పిలిచాడు. చదివాను. దాని ఇంజనుకి టర్బో అని చిన్న చక్రం ఒకటుంది, అది కంటికి ఆనని వేగంతో తిరుగుతుంది, తాళం తిప్పిన క్షణంలోనే ఆయిలు సన్నటి దారుల్లోంచి దాని దాకా పరుగెత్తాలి, కాబట్టి చల్లగా ఉన్నప్పుడు పల్చగా ఉంటూ, వేడెక్కాక కూడా సత్తువ పోగొట్టుకోని రకం పొయ్యాలి. మూడు ముక్కల్లో సంగతి ఇది. అలాంటిది ఒక డబ్బా ఎక్కడో వెతికి పట్టుకెళ్ళాను కూడా. బావ వేళ్ళ మధ్య వేసుకున్నాడు, తీగ సాగలేదు. షెడ్డులో ఉన్న లారీ డ్రైవర్లందరూ వినేలా మొదలెట్టాడు.

“ఏటి బామ్మర్దీ, ఇది ఆయిలా, గంజి తేటా? సలిదేశం ఓళ్ళు రాసుకున్న పుస్తకం అది. మన ఎండకి ఈ నీళ్ళు ఇంజన్లో నిలుత్తాయేటి? నీ బీయస్సీ నువ్వు మడిసి దాసుకో!”

డ్రైవర్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళే దారంతా మాత్రం నవ్వలేదు.

మర్నాడు ల్యాబుకి వెళ్ళబోతూ షెడ్డు దగ్గర ఆగాను. బావ కార్లోంచి పాత ఆయిలు తీసేసి, లారీలకి పోసే చిక్కటి ఆయిలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు, ఇంకా పొయ్యలేదు. రాత్రి నిద్ర పట్టినట్టు లేదు. నన్ను చూసి లేచాడు, వేళ్ళ మధ్య ఆ ఆయిలు తీగలాగా సాగదీసి చూపించాడు, గొంతు తగ్గించి అడిగాడు.

“నవ్వులాట కాదు బామ్మర్దీ, ఒట్టేసి సెప్పు. ఇది ఏసెయ్యమంటావా, వద్దంటావా?”

పదేళ్ళలో అతను నన్ను సూటిగా అడిగిన మాట అదొక్కటే. వద్దు అంటే రెండక్షరాలు. కానీ నిన్నటి డ్రైవర్లలో ముగ్గురు అక్కడే టీ తాగుతూ నా ముఖంలోకి చూస్తున్నారు, నిన్నటి నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

“పాకం కుదిరింది బావా, దింపెయ్” అన్నాను.

అందరూ నవ్వారు, ఈసారి నా వైపున. బావ ముఖం తేటపడింది. వేళాకోళంలోనే అయినా బామ్మర్ది సరేనన్నాడు కదా అనుకున్నాడు, అనుకోడా మరి. నేను బస్సెక్కేశాను. సాయంత్రం వచ్చి అసలు సంగతి చెప్పొచ్చులే అనుకున్నాను, సాయంత్రం ఏదో పని తగిలింది.

ఆ ఆయిలుతో కారు పందొమ్మిది రోజులు నడిచింది. ఇరవయ్యో రోజున భీమిలి రోడ్డు మలుపులో మంచి వేగం మీద ఉండగా టర్బో పోయి, వెనకాలే ఇంజను పట్టేసి, చక్రాలు బిగుసుకుపోయి, కారు సరుగుడు తోటలోకి దూసుకుపోయింది. కాంట్రాక్టరు బతికాడు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

వారం తిరక్కుండా ఆ ఇంజన్లో మిగిలిన ఆయిలు సీసాలో మా ల్యాబుకే వచ్చింది. ఊళ్ళో అలాంటి ల్యాబు ఇంకొకటి ఉంటే అక్కడికి వెళ్ళేదేమో. ఇంకెవరిచేతనైనా చేయించండి అని మా పెద్ద కెమిస్టుని అడగొచ్చు, కానీ ఎందుకో చెప్పాల్సి వస్తుంది. నేనే చేశాను. చాలా శ్రద్ధగా చేశాను, ప్రతి పరీక్షా రెండేసి సార్లు. ఆయిలు మరీ చిక్కన, లోహపు పొడి విపరీతం, ఈ రకం ఇంజనుకి ఈ ఆయిలు తగదు అని రాసి కింద సంతకం పెట్టాను. రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఈ ఆయిలు పొయ్యమన్నది ఎవరు అనే గడి మా ఫారంలో ఉండేది కాదు.

ఆ కాగితం పట్టుకుని కాంట్రాక్టరు మనుషులు షెడ్డుకి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నీకెవరు చెప్పారు ఇది పొయ్యమని, అని కాలరు పట్టుకుని అడిగారు. ఇప్పుడు నా వైపు వేలు చూపిస్తాడు అనుకున్నాను, చూపిస్తే బాగుండునని కూడా ఒక మూల అనుకున్నట్టు గుర్తు. బావ నన్ను చూడనే లేదు.

“ఎవులూ సెప్పనేదు బాబూ. నానే ఏసీసినాను” అన్నాడు.

లారీలు రాలేదు సరికదా, ఉన్న బోట్లవాళ్ళూ మానేశారు. ఏడాది తిరిగేసరికి షెడ్డు చేతులు మారింది. బావ ఉక్కునగరం వెళ్ళే దారిలో ఒక పంక్చర్ల కొట్టులో గాలి కొట్టే పనికి కుదిరి, బతికున్నన్నాళ్ళూ అదే చేశాడు, ఇంకెప్పుడూ ఇంజను మూత తియ్యలేదు. నిజం చెప్పేద్దామని నేను చాలాసార్లు అనుకున్నాను. కానీ ఎవరూ చెప్పలేదని అతను నలుగురిలో అన్నాక, ఇప్పుడు నోరు విప్పి అతని మాటని అబద్ధం చెయ్యడం మర్యాద కాదని సర్దిచెప్పుకున్నాను. మర్యాద నాకు అంత సులువుగా ఒంటబట్టడం అదే మొదటిసారి.

అక్కకి మాత్రం ఆ కడుపుమంట తీరలేదు. నేను భోజనానికి వెళ్ళిన ప్రతిసారీ, పక్కన కొత్తవాళ్ళెవరైనా ఉంటే మరీనూ, గరిటె పట్టుకునే మొదలెట్టేది.

“ఇంట్లో ఆయిళ్ళు సదివిన తమ్ముణ్ణి ఎట్టుకుని, ఈ మనిసి ఓ మాట అడిగినోడు కాదు. అడిగుంటే ఆడు సెప్పీవోడు కాదేటి?”

బావ అన్నం కలుపుకుంటూ, “అవునే, అడగాల్సింది. నాదే తప్పు” అనేవాడు. ఇద్దరం కంచాల్లోకి చూసుకుంటూ తినేవాళ్ళం. మా వేళాకోళాలు ఆ తెల్లకారుతోనే పోయాయి, వాటి బదులు మా మధ్య మిగిలింది ఆ తలొంచుకోవడమే.

ఇప్పుడు కంచరపాలెంలో ఆ షెడ్డున్న చోట అద్దాల షోరూము ఉంది, కారు నంబరు కొడితే ఏ ఆయిలు పొయ్యాలో కంప్యూటరు తెరే చెబుతుంది, ఎవరూ ఎవర్నీ ఒట్టేయించుకుని అడగక్కర్లేదు. మంచిదే. బావ పోయి ఆరేళ్ళయింది. అక్క మాట మాత్రం ఇప్పటికీ అదే, అడిగుంటే ఆడు సెప్పీవోడు కాదేటి అని. అవునే, నాదే తప్పు అనడానికి ఇప్పుడు అతను లేడు. ఆ ఖాళీలో అక్క నా వైపు తిరిగి, ఇంకాస్త పప్పు వెయ్యనా అని అడుగుతుంది. వేయించుకుంటాను.